అప్పన్న మీద కోపమా, అప్పన్నతో మొరా? ఒక విశాఖ తాటాకు పుస్తకానికి వివరణ

విశాఖపట్నంలో ఒక చేతిపనుల ప్రదర్శనలో మీరు కొన్న తాటాకు పుస్తకం ఫోటోలను, దాని పెట్టె ఫోటోలను శ్రద్ధగా చూశాను. అందులో 24 ఆకులు ఉన్నాయి, చేసినవారి పేరు ఎక్కడా లేదు. మీ చదువంతా బెంగళూరులో సాగినందువల్ల సగానికి పైగా బొమ్మలు దేనిని ఉద్దేశించినవో తెలియలేదని, సింహాచలం నరసింహస్వామి, అంటే మన అప్పన్న, ఉన్న ఆకు చూసి మీ పెదనాన్నగారు "ఇది అప్పన్నను వెక్కిరించే పుస్తకం, ఇంట్లో ఉంచకు" అన్నారని రాశారు. తాళపత్రాల మరమ్మతు, పాత పుస్తకాల బైండింగు నా వృత్తి కాబట్టి ఇటువంటి ఆకులు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి. నేను చదివినంతలో ఈ పుస్తకం తిడుతున్నది దేవుణ్ణి కాదు, కొండలనూ తీరాన్నీ ప్లాట్లుగా కోసి అమ్మేవారిని. తిట్టే పద్ధతి మాత్రం మన కవులు దేవుణ్ణి నిలదీసిన పద్ధతే. పెదనాన్నగారికి కోపం తెప్పించిన ఆకుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ఆకులన్నీ దాని చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటారు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ నాడు మాత్రమే వెండి బొరిగెలతో ఆ చందనాన్ని ఒలిచి భక్తులకు నిజరూప దర్శనం ఇప్పిస్తారు. మీ పుస్తకంలోని ఆకు మీద స్వామి చందనపు ముద్దలాగే కూర్చుని ఉన్నారు గాని, ఆ ముద్ద రంగు చందనానిది కాదు, ఎర్రమట్టిది. దాని మీద గీసిన నిలువు చారలను దగ్గరగా చూడండి. అవి విశాఖకూ భీమునిపట్నానికీ మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలలో వాన నీరు కోసిన గండ్లు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన దిబ్బలవి. బొమ్మలో అర్చకుడు ఉండవలసిన చోట జేసీబీ నిలబడి ఉంది, బొరిగె ఉండవలసిన చోట దాని బకెట్టు ఉంది, కింద "నిజరూప దర్శనం, ప్రతిదినం" అని రాసి ఉంది. ఏడాదికి ఒక్కనాడు, ఎంతో నియమంతో, మళ్లీ పూత పూస్తామన్న భరోసాతో జరిగే ఒలుపు ఒకటి. అడిగేవారు లేక, తిరిగి పూసేవారు లేక రోజూ జరిగే ఒలుపు మరొకటి. మొదటిదాని పవిత్రతను మనసా నమ్మినవారికే రెండవది చూసి ఇంత బాధ కలుగుతుంది.

ఆ బొమ్మ పక్కనున్న సీసపద్యమే మీ పెదనాన్నగారిని ఎక్కువగా నొప్పించి ఉండాలి. స్తంభం చీల్చుకుని వచ్చినవాడికి సర్వే రాయి అడ్డమయిందా అని, గోళ్లు మొద్దుబారాయా, దస్తావేజుల మీద వేలిముద్రకు తప్ప చేయి కదలదా అని అందులో కవి స్వామిని నిలదీస్తున్నాడు. వినడానికి కటువుగానే ఉంటుంది. అయితే ఆ పద్యం చివరి పాదం చదవండి: "వైరిహర రంహ! సింహాద్రి నారసింహ!" ఇది ఈ పుస్తకం చేసినవారి సొంత పాదం కాదు. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి చెప్పిన సింహాద్రి నారసింహ శతకానికి ఇది మకుటం. తురకసేనలు ఉత్తరాంధ్ర ఊళ్లను దోచుకుంటూ సింహాచలం వైపు వస్తున్నప్పుడు, దిక్కు తోచని ఆ కవి స్వామి ఎదుట నిలబడి, నీ శౌర్యం ఏమయింది, నీ ఊరిని నువ్వే కాచుకోలేవా అని పద్యం వెంట పద్యంగా ఎత్తిపొడిచాడు. ఆ ఎత్తిపొడుపులకు స్వామి కదిలి, కొండ మీది నుంచి తుమ్మెదల దండు లేచి సేనను తరిమివేసిందని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ శతకాన్ని మన సాహిత్య చరిత్రకారులు అధిక్షేప శతకాలలో, అంటే నిలదీసి ఎత్తిపొడిచే శతకాలలో, ముఖ్యమైనదిగా లెక్కిస్తారు. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం చెప్పిన తీరు కూడా నిందాస్తుతే. దేవుణ్ణి ఇలా దులిపివేయడం నమ్మకం లేనివాడు చేసే పని కాదు, నువ్వు తప్ప దిక్కు లేదన్నవాడు చేసే పని.

ఇప్పుడు అదే ఆకు అంచున చుక్కల్లా కనబడుతున్న నల్లని గుర్తులను భూతద్దంతో చూడండి. అవి తుమ్మెదలు. జేసీబీ చేతికి వేలాడుతున్న తేనెపట్టు చుట్టూ అవి ముసురుకుని ఉన్నాయి, ఇంకా లేవలేదు. కూర్మనాథకవి కథ తెలిసిన పాఠకుడికి తరువాత ఏం జరగాలో తెలుసు, కాని ఈ పుస్తకం దాన్ని గీయలేదు. నా దృష్టిలో పుస్తకమంతటిలో అన్నిటికంటె బలమైన ఊహ ఇదే. శతకకవి మొర ఫలించిన తరువాత కథ చెబుతున్నాడు, ఈ పుస్తకం చేసినవారు మొర ఇంకా ఫలించని రోజులలో కూర్చుని చెక్కుతున్నారు.

పుస్తకం పొడవునా కనబడే బక్కచిక్కిన మనిషి పేరు అప్పలరాజు అని ఒకచోట రాసి ఉంది. ఉత్తరాంధ్రలో అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం అన్న పేర్లు ప్రతి వీధిలోనూ వినబడతాయి, అవన్నీ ఆ స్వామి మీది భక్తితో పెట్టుకున్నవే. అందువల్ల ఆ మనిషిని గీసిన ప్రతిచోటా ఊరి సామాన్యుడితో పాటు స్వామి కూడా ఉన్నట్టే చదువుకోవాలి.

పెట్టె సంగతికి వస్తాను. పెట్టె మూత మీద తెల్లని పలకలు, వాటిపై నల్లని సన్నగీతలతో మేడలు ఉన్నాయి కదా. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ ఊరి పనివారు ఏనుగు దంతపు పలకలపై సన్నగా చెక్కి, ఆ గాడులలో నల్లని లక్క నింపి, ఇక్కడ ఉండే ఆంగ్లేయుల కోసం పెట్టెలు, కుర్చీలు, బల్లలు చేసేవారు. ఆంగ్లేయుల పేరుపొందిన భవనాల అచ్చుబొమ్మలు చూసి ఆ మేడలను దంతంపై దింపేవారు. వైజాగపట్నం పనితనంగా ప్రపంచమంతా ఎరిగిన ఆ పెట్టెలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా ఉన్నాయి. మీ పెట్టె మీద ఉన్నది దంతం కాదు. ఫోటోలో కోసిన అంచుల మెరుపును బట్టి అవి చదును చేసిన ప్లాస్టిక్ పైపు ముక్కలు. వాటి మీద చెక్కినవి అపార్టుమెంట్లు, వాటి వరండాలలో ఆరేసిన బట్టలు కూడా ఉన్నాయి. ఊళ్లో ఎవరి కోసం ఏ మేడలు లేచాయో, వాటిని ఎవరి చేతులు అలంకరించాయో ఆ మూత ఒక్కటే చెబుతుంది.

అట్టలుగా వాడిన చెక్క పలకలు ఏటికొప్పాక పని. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒత్తి, ఆ రాపిడి వేడితోనే రంగు ఎక్కిస్తారు. 2017లో ఆ ఊరి లక్క బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకుల మీది పని మాత్రం ఒడిశా తాళపత్ర చిత్రకారుల దగ్గర నేర్చినట్టు కనబడుతోంది. ఘంటంతో గీసి, నూనెలో కలిపిన మసి రుద్ది తుడిచివేస్తే గాడులలో మాత్రమే నలుపు నిలుస్తుంది. మీ ఆకులలో గీత లోతు ఎక్కడా తప్పలేదు.

మొదటి ఆరు ఆకులు పంచాంగం. ఉగాది నాడు గుడిలోనో రామమందిరంలోనో కూర్చుని పంచాంగ శ్రవణం వినడం మీ పెదనాన్నగారికి అలవాటే అయి ఉంటుంది కాబట్టి, ఈ ఆకులు ఆయనకు చూపితే మీకంటె ముందు ఆయనే నవ్వుతారు. ప్రతి సంవత్సరానికీ నవనాయకులు ఉంటారు. రాజు, మంత్రి, సేనాధిపతి, సస్యాధిపతి, ధాన్యాధిపతి, అర్ఘాధిపతి, మేఘాధిపతి, రసాధిపతి, నీరసాధిపతి అన్న పదవులను గ్రహాలకు పంచి, దానిని బట్టి వానలు, పంటలు, ధరలు ఎలా ఉంటాయో చెబుతారు. మీ పుస్తకంలో రాజు సర్వే రాయి. మంత్రి దస్తావేజు లేఖరి. సస్యాధిపతి స్థానంలో కొబ్బరిచెట్లు కొట్టివేసి సున్నంతో గీతలు గీసిన లేఔట్ ఉంది. మేఘాధిపతి నీళ్ల ట్యాంకరు. అర్ఘాధిపతి ధరలకు అధిపతి కాబట్టి ఆ గడిలో గజం ధర రాసి, ఒకదాని మీద ఒకటిగా కొట్టివేసి, మళ్లీ రాసిన అంకెలు ఉన్నాయి. మీరు అర్థం కాని గజిబిజి అనుకున్నది ఇదే.

రసాధిపతికి నెయ్యి, నూనె, బెల్లం వంటివి చెందుతాయి, నీరసాధిపతికి లోహాలు, రత్నాలు, వస్త్రాల వంటివి. అందుకే నీరసాధిపతి గడిలో ఒక కొలిమి ఉంది. దాని కింద "విశాఖ ఉక్కు ఆంధ్రుల" అన్నంతవరకే అక్షరాలు ఉండి, ఆ తరువాత ఆకుకు చిల్లి ఉంది. అది పురుగు తిన్న చిల్లి కాదు, ఆకు పాడయిందని మీరు భయపడనక్కరలేదు. అంచులు కాల్చి మరీ పెట్టిన చిల్లి అది. తాళపత్రాలు పరిష్కరించేవారు ఇటువంటి లోపాన్ని గ్రంథపాతం అంటారు, పోయిన అక్షరాలను పాఠకుడు తన జ్ఞాపకంతో పూరించుకోవలసి ఉంటుంది. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో 1966లో రాష్ట్రమంతటా ఉద్యమం నడిచింది, ఆ ఉద్యమంలో ప్రాణాలు పోయాయి, 1971లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ కర్మాగారంలోని ప్రభుత్వ వాటాను అమ్మడానికి సూత్రప్రాయంగా అంగీకరించాక ఈ ఊళ్లో ఆ నినాదం మళ్లీ గోడలకెక్కింది. చివరి మాటను రాయకుండా, దాని చోట చిల్లి మాత్రమే పెట్టడంలో ఉన్న వేదన ఈ ఊరి మనిషికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆదాయ వ్యయాల పట్టికలో కూడా అల్లరి లెక్కలు లేవు. పంచాంగంలో ఒక్కో రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలలో ఇస్తారు. ఆదాయ వ్యయాలు 2, 5, 8, 11, 14 అన్న అంకెలలోనే వస్తాయి, రాజపూజ్య అవమానాలు 7 దాటవు. పుస్తకం చేసినవారు ఈ నియమాన్ని ఎక్కడా తప్పకుండా అప్పలరాజుకు ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 7 ఇచ్చి, పక్క గడిలో మధ్యవర్తికి ఆ అంకెలనే తిరగవేశారు. నియమం పాటిస్తూ చెప్పిన వ్యంగ్యానికి ఉండే బలం ఇష్టం వచ్చినట్టు పెంచి చెప్పినదానికి ఉండదు.

బల్లిపాటు ఆకు మీద ఎక్కువ చెప్పవలసింది లేదు. బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగం వెనుక పేజీలలో వేస్తారు, ఇక్కడ మనిషి ఒంటికి బదులు ఊరి పటాన్ని గీశారు. డాల్ఫిన్ నోస్ కొండను ముక్కుగా, భీమిలిని పాదంగా చూపడం వరకు బాగానే ఉంది గాని, ఫలాలు రాసిన తీరులో పదును తగ్గింది. వైకుంఠపాళి ఆకు కూడా అంతే. నిచ్చెనలకు పుణ్యాల పేర్ల బదులు ఆఫీసు సంతకాల పేర్లు పెట్టడం ఎవరికైనా తోచే ఊహ. పైవరుసలలో కాచుకుని ఉండే అరుకాసురుడు అన్న పెద్ద పాము మింగితే ఆటగాడు మొదటికి వస్తాడన్న సంగతిని వాడుకుని, ఇల్లు కట్టుకున్న తరువాత స్థలం చెరువుదని తేలిన అప్పలరాజును ఆ పాము నోట పెట్టిన మూల మాత్రం చూడదగ్గది.

పిట్టలదొర ఆకు దగ్గర కాసేపు ఆగమని కోరుతున్నాను. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకీ ఉన్న ఆ వేషం మీరు చూసి ఉండకపోవచ్చు. తెలంగాణ వైపు తుపాకి రాముడు అంటారు. పగటివేషగాడు ఆ వేషంతో ఊళ్లోకి వచ్చి, తనకు వేల ఎకరాలున్నాయని, ఏనుగులున్నాయని, జమీందార్లు తన గుమ్మం దగ్గర కాచుకుని ఉంటారని ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు, చివరకు పిడికెడు బియ్యమో, పాత చొక్కానో అడుగుతాడు. ఆ కోతలు విని జనం నవ్వడానికి కారణం అతనికి ఏమీ లేదని అందరికీ తెలియడమే. దొరలను, జమీందార్లను ఎదురుగా ఏమీ అనలేని కాలంలో వారి డాబును దించడానికి ఊరు పెట్టుకున్న మార్గం అది. మీ పుస్తకంలో పిట్టలదొర రంగురంగుల బ్రోషరు పట్టుకుని, కనుచూపు మేర సముద్రమంతా తనదేనని, అలలకు కూడా నెంబర్లు వేయించానని చెబుతున్నాడు. ఎదుట కూర్చున్నవారు నవ్వడం లేదు, వరసగా సంతకాలు పెడుతున్నారు. వేషగాడి చేతిలోని తుపాకీ మాత్రం కర్రది కాదు, దానికి మీట, గుళ్ల దండ గీశారు. ఒకప్పుడు ఏమీ లేనివాడు ఉన్నవాడిని అనుకరించి నవ్వించేవాడు. ఇప్పుడు ఆ మాటలనే ఉన్నవాడు నిజంగా అంటున్నాడు, వినేవాడికి నవ్వు మిగలలేదు. ఆ కళను జీవనంగా పెట్టుకున్న కుటుంబాలు తగ్గిపోతున్న రోజులలో ఈ ఆకును చూసి నేను చాలాసేపు ఆలోచించాను.

ఆ తరువాతి ఆకు మీద ముగ్గురు మనుషులున్నది బుర్రకథ. నడుమ తంబురా పట్టినవాడు కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించేవారు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత రాజకీయం చెబుతాడు, అంటే నడుస్తున్న కాలం మీద వ్యాఖ్య చేస్తాడు. పాత కథ ఏదైనా దానిని వర్తమానానికి తగిలించే పని రాజకీయపు వంతది కాబట్టే స్వాతంత్ర్యోద్యమం నాటి నుంచి ప్రజా ఉద్యమాలకు ఈ కళ అంత దగ్గరయింది. బొమ్మలో రాజకీయపు వంత నోటికి గుడ్డ కట్టి ఉంది, హాస్యపు వంత నోరు మూడింతలు పెద్దదిగా ఉంది. కథకుడు ఎవరి వైపు తిరగాలో తెలియక ఎదురుగా, అంటే మన వైపు, చూస్తున్నాడు.

అక్షరాలన్నీ ఒక పక్కకు వాలిపోయిన ఆకు మీద కథ ఏమీ లేదు, "12-10-2014" అన్న తేదీ మాత్రమే ఉంది. అది హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. ఆ రోజు చెట్లు వాలిన తీరులోనే అక్షరాలను వాల్చారు. ఈ ఆకులో వ్యంగ్యం వెతకకండి. కొండలు, చెట్లు, దిబ్బలు ఊరికి గాలి నుంచి కాపు అన్న సంగతి ఇక్కడ నవ్వు లేకుండా చెప్పారు.

చిత్రకారుడే పుస్తకాన్ని ఒక కళావస్తువుగా చేయడం పాశ్చాత్యుల అనుకరణ కదా అని కూడా మీరు అడిగారు. అమెరికాలో ఎడ్ రుషే 1963లో పెట్రోలు బంకుల ఫోటోలతో తెచ్చిన చిన్న పుస్తకాన్ని ఆ సంప్రదాయానికి తొలి గుర్తుగా చెబుతారు. వ్యంగ్యచిత్రాల సంపుటమంటే అంతకు చాలా ముందే, 1799లో స్పెయిన్‌లో గోయా 80 చిత్రాలతో తెచ్చినది ఉంది. మన దేశంలో గగనేంద్రనాథ్ ఠాగూర్ 1917లో లిథో అచ్చులో వేసిన వ్యంగ్యచిత్ర సంపుటాలు ఉన్నాయి. మీ పుస్తకం చేసినవారికి ఇవన్నీ తెలిసి ఉండవచ్చు. అయినా పంచాంగం, శతకం, పగటివేషం, బుర్రకథ అన్నీ తీసివేస్తే ఈ పుస్తకంలో ఏమీ మిగలదు. దానికి ఆధారం ఇక్కడిదే.

చివరి రెండు ఆకులు లేఖకుడివి. తాళపత్రం రాసినవాడు చివరన, మూలంలో ఎలా చూశానో అలాగే రాశాను, తప్పయినా ఒప్పయినా దోషం నాది కాదు అన్న అర్థం వచ్చే శ్లోకం చేర్చడం పాత అలవాటు. ఎన్నో ప్రతులలో నేను దాన్ని చూశాను. ఇక్కడ అదే మాటను గుమాస్తా చేత అనిపించారు: పై నుంచి వచ్చిన ఫైలు ఎలా ఉందో అలాగే రాశాను, కొండ లేకపోయినా, చెరువు లేకపోయినా దోషం నాది కాదు. పాత లేఖకుడి వినయం ఈ ఆకు మీద అధికారి తప్పించుకునే మార్గమయింది. దాని వెనుక ఆకు మీద మాత్రం శ్లోకాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు చెక్కారు:

"తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్"

నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే చెబుతున్న మాటలివి. ఈ శ్లోకం చుట్టూ తీరాన్నీ, కొండలనూ అంచుగా గీశారు కాబట్టి ఆ మొర పుస్తకానిది మాత్రమే కాదు.

పెదనాన్నగారికి మొదట పంచాంగం ఆకులు చూపండి, తరువాత సింహాద్రి నారసింహ శతకం అచ్చుప్రతి ఒకటి ఆయన చేతికిచ్చి, తొలి పద్యాలు ఆయననే బిగ్గరగా చదవమనండి. ఆ తరువాతే ఎర్రమట్టి నరసింహుడి ఆకు ముందు పెట్టండి. పుస్తకాన్ని ఎట్టి పరిస్థితిలోనూ లామినేషన్ చేయించవద్దు, ఆకులకు సెల్లోటేపు అంటించవద్దు. మన ఊరి ఉప్పుగాలికి, తేమకు తాటాకు త్వరగా బూజు పడుతుంది కాబట్టి ఉతికిన నూలుబట్టలో చుట్టి, సముద్రం వైపు కిటికీ లేని గదిలో, గోడకు ఆనని అలమారలో ఉంచండి. శ్లోకంలో వద్దన్నది వంటింటి జిడ్డు, దీపం నూనె. ఏడాదికి ఒకసారి శుద్ధమైన నిమ్మగడ్డి నూనెను మెత్తని గుడ్డతో పలుచగా అద్దడం గ్రంథాలయాలలో కూడా చేసే పనే, దానివల్ల ఆకు మెత్తగా ఉంటుంది, పురుగు చేరదు. రంగులు వేసిన ఆకుల మీద మాత్రం ముందు ఒక మూలన పరీక్షించి చూడండి. తాడు ప్రస్తుతం బిగుతుగా ఉంది, ఆకులు తిప్పేటప్పుడు రంధ్రం చీలకుండా దానిని అంగుళం మేర వదులు చేసుకుని, చదివిన తరువాత మళ్లీ బిగించండి.